పొత్తు మిల్లరుకు విడిగా ఒక వాటా తీయండి

ప్రశ్న: నేను కావలి దగ్గర ఒక ఊళ్లో బేల్దారి (తాపీ పని) మేస్త్రిని. వయసు 38. నాతోపాటు ఒకే పెద్ద మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న అన్న ఒకాయన ఉన్నాడు, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎవరి పనులు వాళ్లం ఒప్పుకుంటాం, పెద్ద పని తగిలితే కలిసి చేస్తాం. ఏడాదికి నాకు పద్నాలుగు, అన్నకు పద్దెనిమిది దాకా స్లాబులు పడతాయి. ప్రతిసారీ కాంక్రీటు కలిపే మిల్లరు, దాన్ని పైకి చేర్చే లిఫ్టు బాడుగకు తెస్తున్నాం. రోజుకు ఆరు వేలు, డీజిలు మాది. ఇప్పుడు ఒక పాత మిల్లరు లిఫ్టుతో సహా 2,60,000కు వస్తోంది. చెరి సగం వేసుకుని కొందామని అన్న అంటున్నాడు. ఇరవై వేలు బయానా కూడా ఇచ్చాం. తన సగానికి విశ్వకర్మ పథకం కింద అప్పు తీసుకుంటాడట. మిల్లరు తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెడదామని, ఇంజిను నడపడానికి తన బావమరిది ఉన్నాడని చెప్పాడు. మా ఇంట్లో మాత్రం ‘పొత్తుల గొడ్డు పుచ్చి చచ్చిందన్న మాట వినలేదా’ అంటోంది. కాగితం రాసుకుందామంటే అన్న ఏమనుకుంటాడోనని నాకు మొహమాటం. కొనమంటారా, వద్దంటారా? ఎవరి పేరున కొనాలి? పని దగ్గర ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

— ఒక మేస్త్రి, కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా

సమాధానం: కొనండి. ముప్పై రెండు స్లాబులకు రోజుకు ఆరు వేల చొప్పున మీ ఇద్దరూ ఏడాదికి 1,92,000 బాడుగ కడుతున్నారు. ఆ లెక్కన మిల్లరు కొనడంలో తప్పు లేదు. మీ ఉత్తరంలో డబ్బు సంగతి ఉంది, స్థలం సంగతి ఉంది, ఇంజిను నడిపే మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. రోజుల సంగతి మాత్రం ఎక్కడా లేదు. నాకు భయం అక్కడే.

ఒక రైతు, ఒక మేస్త్రి కలిసి ట్రాక్టరు కొన్నారనుకోండి. ఒకరికి తీరిక ఉన్నప్పుడు రెండోవారికి పని ఉంటుంది, బండి ఇద్దరికీ సరిపోతుంది. మీ ఇద్దరిదీ ఒకే పని. స్లాబుకు కూడా మంచి రోజు చూసుకోనిదే ఇంటివాళ్లు ఒప్పుకోరు. ఆషాఢంలో మిల్లరు ఎండకు ఎండి వానకు తడుస్తుంది. శ్రావణం రాగానే మీ ఇంటి ముందు ఇద్దరు, మీ అన్న ఇంటి ముందు ముగ్గురు అదే తేదీ పట్టుకుని నిలబడతారు. పైగా మీది నెల్లూరు తీరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, ఎప్పుడు వాయుగుండం పడుతుందో తెలియదు. దసరాలోపు స్లాబు పడిపోవాలని అందరికీ తొందర. తుఫాను వెలిసి రెండు రోజులు ఎండ కాస్తే ఆ రెండు రోజులే అందరికీ కావాలి. మిల్లరు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది, అయినా మీకు కావలసిన రోజున ఖాళీగా ఉండదు. కొనేముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇది.

మీ ఇంటావిడ చెప్పిన సామెత నాకు నచ్చింది. పొత్తుల గొడ్డు ఎందుకు పుచ్చి చచ్చింది? ఇద్దరూ పాలు పిండుకున్నారు, మేత రెండోవాడు వేస్తాడులే అని ఇద్దరూ అనుకున్నారు. మిల్లరు విషయంలో ఆ మేత ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. సాయంత్రం చివరి బస్తా దించగానే డ్రమ్ములో రెండు బాండ్లీల కంకర, నీళ్లు పోసి పావుగంట తిప్పి కడగాలి. అప్పటికి కూలీలు వెళ్లిపోతుంటారు, ఇంటివాళ్లు భోజనాలకు పిలుస్తుంటారు, ట్రాక్టరు వాడు త్వరగా తగిలించమంటాడు. రేపు పని రెండోవాడిదే కదా అనిపిస్తుంది. కడగని డ్రమ్ములో రెక్కల మూలల్లో సిమెంటు గట్టిపడి పొరలు పేరుకుంటుంది. నాలుగు స్లాబులు గడిస్తే ఒక్కసారికి బస్తా సిమెంటు కలిపే మిల్లరు ముప్పాతిక బస్తా మిల్లరు అవుతుంది. అప్పుడు సమ్మెట తీసుకుని బయటి నుంచి బాదుతారు, డ్రమ్ము సొట్టలు పడుతుంది. ఇది ఎవరి స్లాబు నాటి పాపమో ఎవరూ తేల్చలేరు.

దీనికి మందు మీకు దగ్గర్లోనే ఉంది. జువ్వలదిన్నె వైపు వేటకు వెళ్లేవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి. చేపలు అమ్మిన డబ్బులో మనుషుల వాటాలు ఒక ఎత్తు, పడవకూ వలకూ ఇంజినుకూ తీసే వాటా ఒక ఎత్తు. పడవ సొంతదారుడు తానే వేటకు వెళ్లినా పడవ వాటా పడవకు పోవలసిందే, మనిషి వాటా మనిషికి రావలసిందే. మీ మిల్లరుకూ అలాగే వాటా తీయండి. అంటే, మీలో ఎవరు వాడుకున్నా బాడుగ కట్టాలి. సొంత మిల్లరుకు బాడుగ ఏమిటని అన్న నవ్వవచ్చు, నవ్వనివ్వండి.

లెక్క వేసి చూపిస్తాను. మీ ఇద్దరికీ రోజు బాడుగ 4,500 అని, బయటివాళ్లకు ఆరు వేలని పెట్టుకోండి. డీజిలు, ఆపరేటరు కూలి ఆ రోజు ఎవరు వాడితే వారివి. అన్నకు పద్దెనిమిది స్లాబులు, ఆయన 81,000 కడతాడు. మీకు పద్నాలుగు, మీరు 63,000 కడతారు. ఖాళీ రోజుల్లో బయటి పనులు పది దొరికితే 60,000. మొత్తం 2,04,000 మిల్లరు పేరున పోగవుతుంది. టైర్లు, బేరింగులు, ఇనుప తాడు, వెల్డింగు, ఇంజిను పని కలిపి 64,000 అయిందనుకుందాం. మిగిలిన 1,40,000లో 40,000 మిల్లరు దగ్గరే ఉంచి, లక్ష చెరి సగం పంచుకోండి. అన్న నాలుగు స్లాబులు ఎక్కువ వాడుకున్నందుకు 18,000 ఎక్కువ కట్టాడు కదా, అందులో సగం తిరిగి మీ వైపు వస్తుంది. ఎవరు ఎక్కువ వాడారన్న మాట మీ ఇద్దరి మధ్య రానే రాదు, అంకెలే ఆ పని చేస్తాయి. ఇలా కాకుండా ‘ఖర్చు వచ్చినప్పుడు చెరి సగం వేసుకుందాం’ అన్న మాట మీద మొదలుపెడితే రెండో ఏడు టైరు పేలిన రోజున ‘ఎక్కువ తిప్పింది నువ్వే కదా’ అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. ఈ డబ్బుకు బ్యాంకులో ఇద్దరి పేరున, ఇద్దరూ సంతకం పెడితేనే తీసుకునేలా ఒక పొదుపు ఖాతా తెరవండి. జేబులో ఉన్న మిల్లరు డబ్బు పిల్లల ఫీజుకు పోతుంది.

రోజుల గొడవకు ముందుగా చెప్పినవాడిదే రోజు అన్న పద్ధతి పెట్టుకోకండి. ఇద్దరూ పోటీపడి పని ఖాయం కాకుండానే తేదీలు రాసేసుకుంటారు. ఇంటివాళ్ల దగ్గర బయానా పుచ్చుకున్నాకే తేదీ రాయాలి. అదే తేదీ రెండోవారికీ కావలసి వస్తే వంతు వేసుకోండి: మొదటి తగువు రోజు ఆయనది, తర్వాతిది మీది, మళ్లీ ఆయనది. మిల్లరు దొరకనివాడు బయట ఆరు వేలకు తెచ్చుకుంటాడు, 4,500 పోగా మిగిలిన పదిహేను వందలు మిల్లరు ఖాతా నుంచి ఇవ్వండి. దొరకలేదన్న కష్టం ఉంటుంది గానీ నష్టం ఉండదు.

స్లాబు మధ్యలో మిల్లరు ఆగిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. పొద్దున ఆరింటికి కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు, పదకొండింటికి సగం స్లాబు పడింది, గేరు పళ్లు విరిగాయి. వేసిన కాంక్రీటు మీ కోసం ఆగదు. పాత పోతకూ కొత్త పోతకూ మధ్య అతుకు పడితే రేపు వానకు నీళ్లు కారేది అక్కడే, ఇంటాయన వచ్చి నిలదీసేది మిమ్మల్నే. ఆ సమయంలో ఎవరిది తప్పని తేల్చుకునే తీరిక ఉండదు. పక్క ఊళ్లో మిల్లరు ఉన్న ఇంకో మేస్త్రితో మాట అనుకుని పెట్టుకోండి, ఆ రోజు తెచ్చిన బాడుగ మొత్తం మిల్లరు ఖాతాదే అని రాసుకోండి. నష్టం వాడినవాడి మోటుతనం వల్ల జరిగిందా, అరుగుదల వల్ల జరిగిందా అన్నది మెకానిక్కే తేల్చాలి. ఇద్దరికీ నమ్మకమైన మెకానిక్కు ఒకరిని ఇప్పుడే ఒప్పుకోండి. ఆయన మాటే ఆఖరు.

అన్న బావమరిది గురించి. మనిషి మంచివాడే కావచ్చు. కానీ కంకర, ఇసుక, సిమెంటు, నీళ్లు పడ్డాక డ్రమ్ము కనీసం రెండు నిమిషాలు తిరగాలని కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బస్తాల లెక్కన కూలి అయితే ఆ రెండు నిమిషాలు అరనిమిషం అవుతాయి. మీ స్లాబు రోజున ఆయన అలా చేస్తుంటే మీరు గట్టిగా అనగలరా? అనలేనంటే వేరే ఆపరేటరును చూసుకోండి, లేదా అన్న చేతే ఆయనకు ‘ఎవరి స్లాబు అయితే ఆ రోజు నీకు వాళ్లే మేస్త్రి’ అని ఒక మాట చెప్పించండి. బస్తా లెక్కకు బదులు రోజు కూలి ఇవ్వండి.

ఇక పుస్తకం. ఇంజిను పక్కన ఒక రేకు డబ్బాలో పెట్టే పొడుగాటి నోటు పుస్తకం చాలు. తేదీ, ఏ ఊరు, ఎవరి పని, ఎన్ని బస్తాలు, ఎంత డీజిలు, డ్రమ్ము కడిగింది ఎవరు, కడిగాక తీసుకున్నవాడి సంతకం. ఆ చివరి గడి కోసమే పుస్తకం. తాళం చెవి చేతులు మారేటప్పుడు డ్రమ్ములోకి టార్చి వేసి చూసి సంతకం పెట్టాలి. పెట్టాక మళ్లీ మాట్లాడకూడదు.

పెద్ద లెక్క ఎవరు రాయాలంటే, మీ ఇంటావిడ పేరు చెబుతాను. ఆమె పొదుపు సంఘంలో ఉండే ఉంటారు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మీ జిల్లాలో పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. వాటిలో సభ్యులందరూ ఒకే వీధివాళ్లు, కొందరు తోడికోడళ్లు కూడా. అయినా ప్రతి సమావేశానికీ తీర్మానాల పుస్తకం రాస్తారు, సంతకాలు పెడతారు, రానివాళ్లకు జరిమానా వేస్తారు. ఎవరూ దాన్ని అపనమ్మకం అనుకోరు. మీ మొహమాటానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. అన్నతో ఇలా అనండి: ‘అన్నా, మనిద్దరం ఉన్నంతకాలం కాగితం ఎవరూ తీసి చూడరు. మనలో ఒకరికి ఏదైనా అయితే వదినకో, మా ఇంట్లోనో ఎవరు ఏమిచ్చారో తెలియాలి కదా.’ రాసుకునే రోజున వదినగారినీ మీ ఇంటావిడనూ ఇద్దరినీ కూర్చోబెట్టండి. అప్పటికీ ఆయన ‘నన్ను నమ్మవా’ అంటే బయానా పోతే పోయిందనుకుని ఆగిపోండి. ఇరవై వేలకు తెలిసినందుకు సంతోషించండి.

ఇప్పుడు పేరు సంగతి. బిల్లు, అమ్మినవాడి రసీదు ఇద్దరి పేరునా ఉండాలి. ఇంజిను మీద ఉన్న నంబరు కాగితంలో రాయండి, ఫోటో తీసి ఇద్దరి ఫోనుల్లోనూ ఉంచండి. మిల్లరు ఉండేది అన్న స్థలంలో కాబట్టి ఒక చట్టం సంగతి మీకు తెలియాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 28వ సెక్షను ఉంది. ఇద్దరి ఉమ్మడి వస్తువు, రెండోవారి సమ్మతితో ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు, ఆ ఒక్కరు దాన్ని అమ్మేస్తే, కొన్నవాడికి ఈ సంగతి తెలియకుండా మంచి మనసుతో కొని ఉంటే, వస్తువు అతనిదైపోతుంది. మీరు అన్న మీద డబ్బుకు దావా వేసుకోవలసిందే తప్ప కొన్నవాడి దగ్గర నుంచి మిల్లరు తెచ్చుకోలేరు. మీ అన్న అమ్ముతాడని నేను అనడం లేదు. ఆయనకు అప్పు ఇచ్చినవాడో, కొడుకో ఆయన చేత అమ్మిస్తే? అందుకని డ్రమ్ము మీద పసుపు రంగుతో పెద్ద అక్షరాల్లో ఇద్దరి పేర్లు, రెండు ఫోను నంబర్లు రాయించండి. ఎలాగూ అందరూ పేరు రాయించుకుంటారు, రెండో పేరుకు అయ్యే రంగు ఎంత? రెండు పేర్లు కళ్లెదుట కనిపిస్తుంటే తెలియదని కొన్నవాడు చెప్పలేడు. పేర్లలో ముందు ఆయనదే రాయించండి, పెద్దవాడు కదా.

మరొక తేడా కూడా చూడండి. ఉమ్మడి వస్తువు ఉన్నంత మాత్రాన, దాని రాబడి పంచుకున్నంత మాత్రాన భాగస్వామ్యం అయిపోదని 1932 నాటి భాగస్వామ్య చట్టమే చెబుతుంది. ఇద్దరూ కలిసి మిల్లరు బాడుగల వ్యాపారం పెట్టి, ఒక పేరు పెట్టి, లాభం పంచుకుంటే మాత్రం కోర్టు కళ్లకు అది భాగస్వామ్యంగా కనిపించవచ్చు. అప్పుడు వ్యాపారం కోసం ఒకరు బంకులో చేసిన డీజిలు బాకీకి రెండోవారు పూర్తిగా బాధ్యులు, సగానికి కాదు. భాగస్వామ్యాన్ని ఫర్ముల రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించకపోతే ఒప్పందంలోని హక్కుల కోసం ఒకరి మీద ఒకరు దావా వేయడానికి కూడా వీలుండదు, రద్దు చేసుకుని లెక్కలు తేల్చుకోవడానికి తప్ప. బయటి పనులు ఏడాదికి పదికి మించనంతవరకు ‘ఇది ఉమ్మడి యాజమాన్యమే, భాగస్వామ్య వ్యాపారం కాదు, ఒకరి బాకీలకు మరొకరు బాధ్యులు కారు’ అని కాగితంలో ఒక వాక్యం పెట్టండి. పెరిగితే వకీలు దగ్గరికి వెళ్లండి. కాగితానికి ఎంత స్టాంపు కావాలో కూడా ఆయననే అడగండి. సరిపడా స్టాంపు లేని కాగితాన్ని, లోటు సుంకం, దాని మీద జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. వకీలుకు ఇవ్వడానికి డబ్బు ఇబ్బంది అయితే నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఎప్పుడైనా మాట చెడితే లోక్ అదాలత్ దాకా వెళ్లి ఆగిపోవడం మంచిది. కోర్టు ఫీజు ఉండదు, అక్కడి తీర్పు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

విశ్వకర్మ అప్పు మంచిదే. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ పని ఒకటి. మొదటి విడత లక్ష దాకా, అది సక్రమంగా తీర్చాక రెండో విడత రెండు లక్షల దాకా, 5 శాతం వడ్డీ, తాకట్టు అక్కరలేదు. పనిముట్లకు 15,000 విడిగా ఇస్తారు. కానీ లెక్క చూడండి: ఆయన సగం 1,30,000, మొదటి విడతలో వచ్చేది లక్ష. మిగిలిన ముప్పై వేలు ఎక్కడివో ముందే అడగండి. చేబదులుగా మీరే వేయవలసి వస్తే అది వేరే బాకీగా వేరే కాగితం మీద ఉండాలి, మిల్లరు వాటాలో కలపకూడదు. మొదటి విడత పద్దెనిమిది నెలల్లో తీర్చాలి. ఆ వాయిదాలు ఆయన సొంత జేబులోంచి కట్టాలి, మిల్లరు ఖాతా నుంచి కట్టకూడదు. ఆ పథకంలో కుటుంబానికి ఒక్కరికే అవకాశం. మీరూ తాపీ పనివారే, మీ ఇంట్లో ఎవరూ తీసుకోకపోతే మీ సగానికీ అదే దారి ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయలకు తేవలసిన పని లేదు.

దెబ్బలు తగలడం గురించి మీరు ఆఖరున అడిగారు. నేనైతే మొదట అడిగేవాణ్ని. పనిలో దెబ్బ తగిలిన కూలీకి పరిహారం ఇవ్వవలసింది ఆ రోజు అతన్ని పనిలో పెట్టుకున్నవాడు. మీ స్లాబుకు మీరు, ఆయన స్లాబుకు ఆయన. కానీ లిఫ్టు తాడు పోగులు తెగి ఉన్నాయని తెలిసీ మార్చకపోతే వస్తువు సొంతదారులుగా ఇద్దరినీ ప్రశ్నిస్తారు. తాడు మీద చేతి గుడ్డ జారుస్తూ వెళ్లండి, పోగు తగిలి గుడ్డ చిక్కుకున్న చోటు కనిపిస్తే ఆ తాడు అయిపోయినట్టే. తాడు మార్చాలని ఇద్దరిలో ఒకరు చెప్పినా చాలు, మార్చేదాకా లిఫ్టు నడవకూడదు. దీనికి ఇద్దరి ఒప్పుదల అక్కరలేదని కాగితంలో రాయండి. తొట్టి పైకి లేచి ఉండగా దాని కింద మనిషి వంగి ఇసుక ఊడ్చడం మన దగ్గర ప్రతి స్లాబుకూ కనిపించేదే. అది మాన్పించే బాధ్యత మీది. మీ కూలీలూ ఆపరేటరూ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లయితే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి ఇరవై రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. అది పరిహారానికి బదులు కాదు, కానీ లేకపోవడం కన్నా మేలు. మిల్లరును ట్రాక్టరుకు తగిలించి చీకట్లో జాతీయ రహదారి మీదకు తీసుకెళ్లేవాళ్లలో వెనక ఎర్ర రిఫ్లెక్టరు అంటించినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. నాలుగు అంటించండి.

విడిపోయే రోజు గురించి ఇప్పుడే రాసుకోవడం అపశకునం అంటారు కొందరు. నా మట్టుకు నాకు కలిసిన రోజే అది సులువు. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకునే పద్ధతి ఉంది కదా, అదే ఇక్కడ పెట్టండి. వద్దనుకున్నవాడు మొత్తం మిల్లరుకు ఒక ధర చెప్పాలి. రెండోవాడు ఆ ధరలో సగమిచ్చి తానైనా ఉంచుకోవచ్చు, అదే సగం పుచ్చుకుని తానైనా తప్పుకోవచ్చు. ధర ఎక్కువ చెబితే తనే కొనవలసి వస్తుంది, తక్కువ చెబితే తన సగం చవకగా పోతుంది. కాబట్టి న్యాయమైన అంకే నోట వస్తుంది. డబ్బు ఇవ్వడానికి మూడు నెలల గడువు పెట్టుకోండి. ఇద్దరిలో ఒకరు పోతే, వారి సగం భార్యకు, పిల్లలకు, తల్లి ఉంటే ఆమెకు చెందుతుంది. అప్పుడు మిల్లరుకు అయిదారుగురు సొంతదారులు అవుతారు. ఉన్నవాడు ఆ ఇంటికి సగం ధర కట్టి మిల్లరు ఉంచుకోవాలని, ధర మెకానిక్కు నిర్ణయించాలని ఒక మాట చేర్చండి.

నన్నడిగితే దీనికన్నా తేలికైన దారి ఒకటుంది. ఆయన మిల్లరు, లిఫ్టు కొనుక్కుంటాడు. మీరు మీ డబ్బుతో సెంట్రింగు షీట్లు, జాకీలు, సరుగుడు కర్రలు, ఒక వైబ్రేటరు కొనుక్కుంటారు. ఎవరి వస్తువు వారిది, ఒకరికొకరు తక్కువ బాడుగకు ఇచ్చుకుంటారు. స్లాబుకు రెండూ కావలసిందే కాబట్టి ఒకరి అవసరం మరొకరికి ఎప్పుడూ ఉంటుంది. సెంట్రింగు సామాను ఒక్కో ఇంటి దగ్గర రెండు మూడు వారాలు ఉండిపోతుంది గనుక దాని బాడుగ తీరు వేరు, కానీ కడగని డ్రమ్ము గొడవ మీకు ఉండదు. ఆయన చేతిలో 2,60,000 లేదు కాబట్టి ఇది ఇప్పుడు కుదరకపోవచ్చు. బయానా ఇచ్చేముందు అడిగి ఉంటే ముందు ఇదే చెప్పేవాణ్ని.

మిగిలిన డబ్బు ఇచ్చేముందు అమ్మేవాడి దగ్గర అసలు బిల్లు, బ్యాంకులో తాకట్టు లేదన్న మాట రాతపూర్వకంగా తీసుకోండి. మిల్లరు చూడటానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిను ఎలాగూ ఒక్క తిప్పుకే అందుకుంటుంది, మీకు కావలసింది చల్లటి ఇంజిను. ఖాళీగా తిప్పి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, అందుకని ఒక బస్తాకు సరిపడా కంకర, నీళ్లు వేయించి తిప్పించండి. బేరింగు అరిగి ఉంటే డ్రమ్ము ఊగుతుంది, గేరు దగ్గర చప్పుడు మారుతుంది. టార్చితో లోపల రెక్కల అంచులు చూడండి, కత్తి అంచులా పలచబడి ఉంటే కొత్తవి వేయించాలి. లిఫ్టు తాడు చుట్టుకునే డ్రమ్ము మీద చుట్టలు పక్కపక్కనే పడుతున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా గమనించండి. రెక్కలకూ తాడుకూ అయ్యే ఖర్చు మెకానిక్కు చేత కాగితం మీద వేయించి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.